ఇంట్లో ఆరుగురం, కడుపులో హెచ్. పైలోరీ అనే ఈ బ్యాక్టీరియా ఎవరెవరికి ఉన్నట్టు? ఏ వయసులో ఎంతమందికి ఉంటుంది?

మల్లెతీగ (ఉప్పల్):
అందరికీ నమస్తే. మా అత్తమ్మకి 71 ఏళ్ళు. మూడు నెలలుగా రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని కంచం పక్కకి జరిపేస్తున్నారు. తెల్లవారుజామున కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు, బరువు కూడా తగ్గారు. మొన్న శనివారం ఎండోస్కోపీ చేయిస్తే చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు. లోపలి నుంచి గింజంత ముక్క తీసి, చిన్న ప్లాస్టిక్ పలకలో ఉన్న పసుపుపచ్చ జెల్లీలో పెట్టారు. "కొంచెం ఆగండి అక్కా, రంగు చూద్దాం" అంది అక్కడి అమ్మాయి. నేను అక్కడే నిలబడ్డాను. ముందు ముక్క చుట్టూ సన్నటి గులాబీ గీత వచ్చింది, తర్వాత నా కళ్ళ ముందే మొత్తం రాణీ రంగుకి తిరిగిపోయింది. హెచ్. పైలోరీ పాజిటివ్ అని రాసిచ్చారు. ఇంకో ముక్క బయాప్సీకి పంపితే క్యాన్సర్ ఏమీ లేదని నిన్న రిపోర్టు వచ్చింది, దేవుడి దయ.

ఇప్పుడు నా బాధ మిగతావాళ్ళ గురించి. మామయ్యకి 76, ఏడేళ్ళ కింద గుండెకి స్టెంట్ వేశారు. మా ఆయనకి 44, నాకు 39, పాపకి 14, బాబుకి 6. బాబు నానమ్మ దగ్గరే పడుకుంటాడు, ఆమె కంచంలోనే తింటాడు. పైగా బడికి వెళ్ళే ముందు రోజూ కడుపునొప్పి అంటున్నాడు. ఎక్కడ చదివినా "వయసు పెరిగేకొద్దీ ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువ" అని ఉంది. అంటే మాకందరికీ వయసు మీద పడితే వస్తుందనా? అందరికీ పరీక్ష చేయించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి, రెండు రోజులుగా నిద్ర లేదు.

నల్లకుంట నేస్తం:
అక్కా, పరేషాన్ అవ్వకండి. మన దేశంలో సగం మందికి పైగా కడుపులో ఉంటుంది ఇది. మా ఇంట్లో నాకూ ఉంది, మా అన్నకీ ఉంది, ఏమీ కాలేదు. అత్తమ్మకి మందులు వాడించండి, మిగతావాళ్ళ జోలికి పోకండి.

ల్యాబ్‌కోటు (దిల్‌సుఖ్‌నగర్):
నేను పదకొండేళ్ళుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను, ఆ రంగు మారడం సంగతి చెప్తాను. ఈ బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్ తయారు చేస్తుంది, అది యూరియాని విడగొట్టి అమోనియా పుట్టిస్తుంది. కడుపులో యాసిడ్‌కి మామూలు క్రిములు నిమిషాల్లో చచ్చిపోతాయి, ఇది మాత్రం తన చుట్టూ అమోనియా కమ్ముకుని బతికేస్తుంది. పలకలో కూడా యూరియా ఉంటుంది కాబట్టి అదే పని చేస్తుంది, రంగు మారుతుంది. ఊపిరి పరీక్ష కూడా ఇదే పద్ధతి, యూరియా మింగించి, కాసేపాగి ఊదిన గాలి చూస్తారు.

వయసు సంగతికి వస్తే, ఒక మాట గట్టిగా చెప్పాలి. మా ల్యాబ్‌కి వచ్చేవాళ్ళలో ఎంతమందికి పాజిటివ్ వచ్చిందో చూసి "హైదరాబాద్‌లో ఇంత శాతం" అనుకోకూడదు. మా దగ్గరికి వచ్చేదే కడుపు బాధ ఉన్నవాళ్ళు. పైగా అన్ని పరీక్షలూ ఒకటి కాదు. రక్తంలో యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారు చేసుకునేవి) చూసే పరీక్ష, ఎప్పుడో వచ్చి తగ్గిపోయినవాళ్ళలో కూడా పాజిటివ్ చూపిస్తుంది. మల పరీక్ష, ఊపిరి పరీక్ష ఇప్పుడు ఉందా లేదా అన్నది చెప్తాయి. ఎక్కడైనా శాతం చూసినప్పుడు ఏ పరీక్షతో లెక్క వేశారో చూడండి, లేకపోతే పోల్చడానికి వీలుండదు.

గణాంకం (తార్నాక):
మల్లెతీగ గారూ, మీ ప్రశ్నలో అసలు ముడి "వయసు పెరిగేకొద్దీ ఎక్కువ" అన్న మాటలో ఉంది. నేను ప్రజారోగ్యం పాఠాలు చెప్తాను, ప్రతి ఏడాదీ విద్యార్థులు తడబడేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ బ్యాక్టీరియా ఎక్కువగా అంటుకునేది చిన్నతనంలో. పెద్దయ్యాక కొత్తగా అంటుకోవడం చాలా తక్కువ, సంపన్న దేశాల్లో అయితే ఏడాదికి నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఒకసారి అంటుకున్నాక, మందు వాడకపోతే చాలామందిలో జీవితాంతం ఉండిపోతుంది. పసిపిల్లల్లో కొందరికి దానంతట అదే పోవడం ఉంది గానీ, పెద్దవాళ్ళలో అది అరుదు.

ఇప్పుడు ఈ రోజు ఒక ఊళ్ళో అన్ని వయసుల వాళ్ళకీ పరీక్ష చేశారనుకోండి. 70 ఏళ్ళ వాళ్ళలో ఎక్కువ, 40 వాళ్ళలో కొంచెం తక్కువ, 15 ఏళ్ళ వాళ్ళలో ఇంకా తక్కువ వస్తుంది. గ్రాఫ్ గీస్తే వయసుతో పాటు పైకి పోతుంది. చూసేవాళ్ళు "వయసు వల్ల వస్తుంది" అనుకుంటారు. కానీ ఆ 70 ఏళ్ళ మనిషికి అది 70లో రాలేదు, నాలుగేళ్ళప్పుడు వచ్చింది. ఆమె పుట్టిన రోజుల్లో ఇళ్ళు ఇరుకు, పిల్లలు ఎక్కువ, నీళ్ళు బావివి, మరుగుదొడ్డి లేదు. గ్రాఫ్‌లో కనబడేది ఒక్కో తరం ఏ బాల్యం గడిపిందన్నది. మీ పాపకి 70 ఏళ్ళు వచ్చినప్పుడు తన తరంలో శాతం, ఇవాళ అత్తమ్మ తరంలో ఉన్నంత ఉండాలని ఏమీ లేదు.

జపాన్ చూడండి. 1950కి ముందు పుట్టినవాళ్ళలో చాలా ఎక్కువమందికి ఉండేది, ఇప్పటి పిల్లల్లో నూటికి పదిమంది కూడా లేరు. అదే దేశం. ముఖ్యంగా మారింది నీళ్ళు, మురుగు పారుదల, ఇంట్లో పిల్లల సంఖ్య. మనలాంటి దేశాల్లో బొమ్మ వేరేలా ఉంటుంది. ఇక్కడ గ్రాఫ్ చిన్నతనంలోనే నిటారుగా లేస్తుంది. పేద దేశాల్లో పదేళ్ళు వచ్చేసరికే సగం మంది పిల్లలకి అంటుకున్న ప్రాంతాలు ఉన్నాయి, ఆ తర్వాత గీత దాదాపు బల్లపరుపుగా సాగుతుంది. 2015 నాటికి ప్రపంచం మొత్తం మీద సుమారు 440 కోట్ల మందికి ఉందని అంచనా వేశారు, అందులో మన దేశం వాటా చాలా పెద్దది.

ఇంకో విచిత్రం. బాగా ముసలివాళ్ళలో ఈ గీత కొన్నిచోట్ల కిందికి కూడా దిగుతుంది. ఏళ్ళ తరబడి ఇన్ఫెక్షన్ ఉన్న కడుపు లోపలి పొర పలచబడి యాసిడ్ తగ్గిపోతే, ఆ బ్యాక్టీరియాకే అక్కడ బతకడం కష్టమవుతుంది. కాబట్టి 80 ఏళ్ళ మనిషికి నెగెటివ్ వస్తే ఎప్పుడూ లేదని అర్థం కాదు.

మౌలాలి మావయ్య:
గణాంకం గారు రాసింది చదువుతుంటే మా ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. నాకు 67. మేము ఏడుగురు పిల్లలం, రెండు గదుల ఇల్లు, అందరం ఒకే జంపఖానా మీద వరసగా పడుకునేవాళ్ళం. గల్లీ చివర బావి, పక్కనే పది గజాల దూరంలో మురుగు కాలవ. గండిపేట జలాశయం 1920లో కట్టారు, హిమాయత్ సాగర్ 1927లో, నగరం మధ్యలో వాళ్ళకి నల్లా నీళ్ళు ఎప్పుడో వచ్చాయి గానీ మా వైపు బస్తీలకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వరండాలో రంజన్ ఉండేది, దాని మీద ఒక ఇత్తడి చెంబు. ఆడుకుని వచ్చినవాడు వచ్చినట్టే చెంబు ముంచి, మూతి పెట్టి తాగి, మిగిలినవి మళ్ళీ రంజన్‌లోనే పోసేవాడు. అమ్మ మా చిన్న తమ్ముడికి పల్లీలు తను నమిలి పెట్టేది, పళ్ళు లేవని. ప్రేమతో చేసిన పనే అది, తప్పుగా అనుకోవడం లేదు.

మా ఏడుగురిలో నలుగురికి అల్సర్. పెద్దన్నకి 1979లో ఆపరేషన్ చేసి కడుపులో సగం తీసేశారు. అప్పట్లో డాక్టర్లు టెన్షన్ తగ్గించుకో, కారం మానెయ్యి అన్నారు. అన్న పదేళ్ళు చప్పిడి కూడు తిన్నాడు. ఇప్పుడైతే రెండు వారాల మాత్రలతో పోయేదేమో అనుకుంటే గుండె బరువెక్కుతుంది.

సైన్సు టీచర్ (కూకట్‌పల్లి):
మావయ్యా, అప్పటి డాక్టర్లని కూడా తప్పు పట్టలేం. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని పెంచి చూపించేదాకా, కడుపు యాసిడ్‌లో బ్యాక్టీరియా కాపురం ఉంటుందంటే ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ తనే ఆ బ్యాక్టీరియా ద్రవం తాగేశాడు, కొద్ది రోజుల్లో కడుపు వాపు వచ్చింది, వాంతులు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మన దగ్గర కూడా, హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీలో ఈ బ్యాక్టీరియా జన్యువుల మీద పని జరిగింది. కారం పుండు ఉన్నవాళ్ళకి మంట పెంచవచ్చు, పుండు పుట్టించదు. అత్తమ్మ గారి ఆవకాయ శాశ్వతంగా మాన్పించకండి.

చెట్టుకింద (అల్వాల్):
నల్లకుంట నేస్తం గారికి ఒక మాట. "అందరికీ ఉంటుంది, జోలికి పోకండి" అని మా ఇంట్లో కూడా అనుకున్నాం. మా నాన్నకి 68, మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని రెండు నెలలు వాడారు. ఒక రోజు పొద్దున బాత్రూమ్‌లో నుంచి "అమ్మాయీ" అని పిలిచారు, వెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు, విరేచనం తారులాగా నల్లగా ఉంది, ఒళ్ళంతా చల్లటి చెమట. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఈ బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం బాగా పెరుగుతుందని అప్పుడు చెప్పారు. అదే బ్యాక్టీరియా ఆయన కడుపులో అరవై ఏళ్ళు కిక్కురుమనకుండా ఉండి ఉండొచ్చు. ఎంతమందికి ఉందన్నది ఒక ప్రశ్న, ఎవరికి హాని చేస్తుందన్నది ఇంకో ప్రశ్న. దయచేసి రెండూ కలపకండి.

నల్లకుంట నేస్తం:
మీరు చెప్పింది నిజం అక్కా. నేను తొందరపడి రాశాను, నాన్నగారు ఇప్పుడు బాగున్నారనుకుంటాను.

పిల్లల డాక్టర్ (సికింద్రాబాద్):
చెట్టుకింద గారి మాటకి అంకె కలుపుతాను. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళలో పుండు వచ్చేది జీవితకాలంలో సుమారు 10 నుంచి 20 శాతం మందికి. కడుపు క్యాన్సర్ 1 నుంచి 2 శాతం. ఎక్కువమందికి ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది. కానీ దీన్ని 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలో పెట్టింది, అంటే క్యాన్సర్ కారకమని రూఢి అయినట్టు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం ఏ వయసైనా పరీక్ష చేయించుకోండి.

ఇక మల్లెతీగ గారి బాబు. అమ్మా, ఆరేళ్ళ పిల్లాడు బడికి వెళ్ళే ముందు కడుపునొప్పి అంటే, ఆదివారం రోజు ఆ నొప్పి ఉంటుందా? లేకపోతే ఈ పరీక్ష అక్కర్లేదు. పిల్లల్లో మామూలు కడుపునొప్పికి ఈ బ్యాక్టీరియా కారణమని ఆధారం లేదు, అందుకే "పరీక్ష చెయ్యి, ఉంటే మందు వెయ్యి" అన్న పెద్దవాళ్ళ పద్ధతి పిల్లలకి వాడం. చిన్నపిల్లల్లో మందుల దుష్ప్రభావాలు, యాంటీబయాటిక్‌లకి లొంగని క్రిములు తయారవడం, పైగా మన పరిస్థితుల్లో తిరిగి అంటుకునే అవకాశం, ఇవన్నీ ఆలోచించాలి. వాంతిలో రక్తం, రాత్రి నిద్రలో నొప్పితో లేవడం, బరువు పెరగకపోవడం, ఐరన్ మందు సరిగ్గా వాడినా తగ్గని రక్తహీనత ఉంటే అప్పుడు తీసుకురండి.

పిల్లల వయసు గురించి ఇంకొకటి. పుట్టిన మొదటి ఆరు నెలల్లో రక్త పరీక్ష చేస్తే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల పాజిటివ్ రావచ్చు, బిడ్డకి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదు. ఊపిరి పరీక్ష కూడా ఆరేళ్ళ లోపు పిల్లల్లో అంత నమ్మదగింది కాదు, మల పరీక్ష మేలు.

గచ్చిబౌలి రాత్రి షిఫ్ట్:
నాకు 28. ఆఫీసు హెల్త్ చెకప్‌లో రక్త పరీక్షలో పాజిటివ్ వచ్చింది. కంగారుపడి మల పరీక్ష చేయిస్తే నెగెటివ్. మూడేళ్ళ కింద దీనికే కోర్సు వాడాను. ఇప్పుడు ఏది నమ్మాలి?

ల్యాబ్‌కోటు (దిల్‌సుఖ్‌నగర్):
మల పరీక్ష నమ్మండి తమ్ముడూ, అంతకు ముందు నెలలో యాంటీబయాటిక్, రెండు వారాల్లో గ్యాస్ మాత్ర వాడి ఉండకపోతే. వాడి ఉంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు. మందుతో బ్యాక్టీరియా పోయినా యాంటీబాడీలు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు రక్తంలో ఉంటాయి.

మల్లెతీగ (ఉప్పల్):
డాక్టర్ గారూ, మీరు అడిగాక గమనించాను, ఆదివారం వాడికి ఏ నొప్పీ లేదు. దసరా సెలవుల్లో కూడా లేదు. టీచర్ మారిందట, దానికి భయపడుతున్నాడు. మాట్లాడి వచ్చాను.

ఇంకో సందేహం. నానమ్మ కంచంలో తినడం మాన్పించాలా? మొన్న నేను అలా అన్నందుకు అత్తమ్మ ముఖం చిన్నబుచ్చుకున్నారు, ఆ రోజంతా వాణ్ణి దగ్గరికి తీసుకోలేదు. నాకే ఏడుపొచ్చింది.

పిల్లల డాక్టర్ (సికింద్రాబాద్):
ఆమెని దూరం పెట్టకండి అమ్మా. ఇది ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి నోటి ద్వారా, మలం అంటిన చేతుల ద్వారా, వాంతి ద్వారా అంటుతుంది, ముఖ్యంగా తల్లి నుంచి, పెద్ద తోబుట్టువుల నుంచి చిన్నవాళ్ళకి. పక్కన పడుకోబెట్టుకుని కథ చెప్పినంత మాత్రాన కాదు. కంచం విడిగా పెట్టండి, నమిలి పెట్టడం వద్దు, చేతులు సబ్బుతో కడుక్కుని గోరుముద్దలు హాయిగా పెట్టమనండి. ఆమె మందు కోర్సు ఎలాగూ రెండు వారాలే.

మీ మామయ్య సంగతి మాత్రం నాకు ఎక్కువ ముఖ్యంగా అనిపిస్తోంది. స్టెంట్ ఉంది అంటే ఆస్పిరిన్ రోజూ వేసుకుంటూ ఉంటారు కదా? పైన చెప్పిన నొప్పి మాత్రల లాగే అది కూడా, కాబట్టి ఆయనకి పరీక్ష చేయించే విషయం వాళ్ళ డాక్టర్‌ని అడగండి.

మల్లెతీగ (ఉప్పల్):
అవును, ఆస్పిరిన్ వాడుతున్నారు. ఈ రోజే అడుగుతాను.

(ఎనిమిది రోజుల తర్వాత) అయ్యో, అత్తమ్మకి పొద్దున విరేచనం నల్లగా అయింది! పైన చెట్టుకింద గారు రాసింది గుర్తొచ్చి చేతులు వణుకుతున్నాయి. నాలుక కూడా నల్లగా ఉంది. ఎవరైనా ఉన్నారా?

ల్యాబ్‌కోటు (దిల్‌సుఖ్‌నగర్):
కోర్సులో బిస్మత్ అనే మందు ఉందా చూడండి. ఉంటే నాలుక, విరేచనం రెండూ నల్లబడతాయి, ఆపగానే పోతుంది. కానీ కళ్ళు తిరగడం, చెమటలు, తారులా జిగటగా కంపు కొట్టడం ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎలాగైనా రాసిచ్చిన డాక్టర్‌కి ఫోన్ చేయండి, మా మాట మీద ఆగిపోకండి.

మల్లెతీగ (ఉప్పల్):
ఫోన్ చేశాను, బిస్మతే. బీపీ, నాడి బాగున్నాయి. మన దగ్గర మామూలు యాంటీబయాటిక్‌లకి ఇది చాలామందిలో లొంగట్లేదు కాబట్టి నాలుగు మందుల కోర్సు రాశానని చెప్పారు. నోట్లో ఇనుము రుచి, రోజుకి బోలెడు మాత్రలు, మధ్యలో మానేస్తానని అత్తమ్మ రెండుసార్లు అలిగారు. మా పాప వంటింటి క్యాలెండర్ మీద పూటపూటకీ టిక్కు పెట్టి మింగిస్తోంది.

మౌలాలి మావయ్య:
14 రోజులూ పూర్తి చేయించమ్మా. నేను తొమ్మిదో రోజు మానేసి మళ్ళీ మొదటి నుంచి వాడాల్సి వచ్చింది.

మల్లెతీగ (ఉప్పల్):
రెండు నెలలైంది, ఇక్కడ ఇంత ఓపిగ్గా రాశారు కాబట్టి ఏమైందో చెప్పాలి. అత్తమ్మకి కోర్సు అయిన ఆరు వారాలకి మల పరీక్ష నెగెటివ్. నిన్న పప్పుచారుతో రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మా ఆయనకి ఎప్పటినుంచో అసిడిటీ ఉంది కాబట్టి చేయించారు, పాజిటివ్, కోర్సు నడుస్తోంది. పిల్లలకి చేయించలేదు. నాకు ఏ బాధా లేదు, నేనూ చేయించుకోలేదు.

మామయ్యకి మొదట నెగెటివ్ వచ్చింది, అందరం సంతోషించాం. తర్వాత ల్యాబ్‌కోటు గారు గచ్చిబౌలి తమ్ముడికి రాసిన మాట గుర్తొచ్చింది. మామయ్య ఆస్పిరిన్‌తో పాటు గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటారు. డాక్టర్‌కి చెప్తే, ఆ గ్యాస్ మాత్ర మన సొంతంగా ఆపొద్దని, రెండు వారాలు వేరే రకం మాత్ర రాసి మళ్ళీ పరీక్ష చేయించారు. ఈసారి పాజిటివ్. మామయ్యది వరంగల్ దగ్గర పల్లె, ఎనిమిది మంది తోబుట్టువులు, చిన్నప్పుడు వాగు చెలమ నీళ్ళు తాగేవాళ్ళమని మొన్న పాపకి చెప్తున్నారు. సోమవారం నుంచి మందులు మొదలు. వంటింటి క్యాలెండర్‌లో పాప ఆయన పేరుతో ఇంకో వరస గీసింది.